రెప్ప

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరుగుతాయంటారు.
నాజీబ్రోలా పదకొండో రోజునే నాకు ఫోన్ చేసింది.
నయమే.

బటూమిలో ఆ వారమంతా వాన.
నల్లసముద్రం వీధి చివరిదాకా వచ్చి
ఉప్పు చేతులతో తలుపులు తడిమి పోతోంది.
రొట్టెల కొట్టు. వెనక మట్టి పొయ్యి, ముందు గల్లాపెట్టె,
పగిలిన అద్దానికి అట్టముక్క.

"మంచిది ఒకటి పెట్టు" అంది,
మందుల షాపులో దగ్గుమందు అడిగినట్టు.
మంచిదంటే ఏమిటో చెప్పడానికే నాకెప్పుడూ గంట పడుతుంది.
తీగ లేనిది వద్దమ్మా, ఈ గోడలు మూడడుగుల రాయి,
సిగ్నల్ గుమ్మం దాటకముందే ఆయాసపడుతుంది.
తీగ లాగుదాం, ఒక్క దాంట్లోనే కరెంటూ వస్తుంది, బొమ్మా పోతుంది.
లెన్సు మరీ వెడల్పైతే వీధంతా దొరుకుతుంది,
మనిషి మొహం మాత్రం ఆవగింజంత.
ఎత్తున బిగిస్తే టోపీలు కనిపిస్తాయి,
కిందికి దించితే వచ్చినవాడే పీక్కుపోతాడు.

వింటూనే ఆమె పిండిని పడవల్లా మలుస్తోంది.
"వాడి మొహం కనబడితే చాలు."
కనబడితే ఏం చేస్తావన్నాను.
చేతులు ఆగాయి.
"అడుగుతాను. గల్లాలో చిల్లర సరే.
రెండు కిలోల తూకంరాయి ఎందుకు పట్టుకుపోయాడు?
దాంతో వాడేం తూస్తాడు?"

ముర్మాన్ నిచ్చెన పట్టుకున్నాడు. నేను మేకులు కొట్టాను.
తెర మీద బొమ్మ తేలింది:
గుమ్మం, ఎవరిదో సైకిలు, వాన గుంట,
పై మూలన ఎదురింటి మేడ కిటికీ,
కిటికీలో ఎతేరి జుట్టు దువ్వుకుంటూ.

నాజీబ్రోలా మొహం తిప్పుకుంది.
తొమ్మిదేళ్ళుగా మాటల్లేవట.
నీళ్ళగొట్టం దగ్గర మొదలైందన్నాడు ముర్మాన్,
ఎక్కడ ఆగిందో వాడికీ తెలీదు.

వేలితో ఆ కిటికీ మీద నల్ల చదరం ఒకటి గీశాను.
ఈ కంటికి అన్నీ ఇచ్చారు చేసినవాళ్ళు,
చీకట్లో చూపు, ముప్పై రోజుల జ్ఞాపకం.
రెప్ప ఒక్కటే మరిచిపోయారు.
అది మేం కుట్టాలి, ఇంటింటికీ కొలత తీసి.

పాస్‌వర్డ్ ఏం పెడతావంటే
ఒకటి రెండు మూడు నాలుగు అంది.
తాళం వేసి చెవి తలుపుకే వేలాడదీస్తావా అన్నాను.
నవ్వలేదు. ఏదో రాసుకుని పిండి డబ్బా అడుగున దాచింది.

మూడోరోజు పొద్దున్నే కబురు.
రాత్రంతా ఫోను నలభైసార్లు మోగిందట.
చూస్తే నలభైసార్లూ ఒకడే దొంగ,
ఎనిమిది కాళ్ళవాడు.
ఆ కంటి వెచ్చదనానికి పురుగులు, పురుగుల కోసం వాడు,
లెన్సుకు అడ్డంగా గూడు.
కుంచెతో దులుపుతుంటే
కింద గొడుగు ఒకటి ఆగింది.

"ఇది మా ఇంట్లోకి చూస్తోందా?"
అడిగింది నన్నే, ఆమెను కాదు.
నేను నోరు తెరిచేలోపు
నాజీబ్రోలా పిండి చేతులు తుడుచుకుని
ఫోను అలాగే చాపింది, మాట లేకుండా.

ఎతేరి కళ్ళజోడు పెట్టుకుంది.
చాలాసేపు చూసింది.
"నేను ఈ నల్ల డబ్బానా?"

వాన కాసేపు మాట్లాడింది.

"రాత్రి నేను పడిపోయినా ఎవరికీ కనిపించదన్నమాట.
నాలుగింటికే లేస్తాను, దీపం వేస్తాను..."
"తెలుసు" అంది నాజీబ్రోలా.
"అది చూశాకే పొయ్యి అంటిస్తాను."

ముర్మాన్ నా వైపు చూశాడు.
నేను నిచ్చెన మీద అవసరం లేని మేకు ఒకటి బిగిస్తున్నాను.

చదరం తియ్యలేదు. తియ్యకూడదు కూడా.
ఎతేరి ఒక రొట్టె కొంది. రాయి లేదుగా,
నాజీబ్రోలా అరచేతిలో ఎగరేసి బరువు చెప్పింది.
"ఎక్కువే వేశావు" అంది ఎతేరి.
"తక్కువే" అంది ఈమె.
ఆ గొడవ తేలకముందే నేను సామాను సర్దుకున్నాను.

వెళ్తూ తలెత్తి చూశాను.
సాలీడు తిరిగొచ్చింది,
ఈసారి లెన్సుకు ఒక జానెడు పక్కన
మొదటి పోగు ముడివేస్తోంది.